ఇద్దరు రాజులు

బయట జలసంధి మీంచి వచ్చే గాలి
నిలబడ్డ ప్రతిదాన్నీ ఒక పక్కకి వంచుతోంది.
పున్తా అరేనస్‌లో చెట్లు కూడా
ఎవరో పిలిచినట్టు తూర్పుకే ఒరిగి పెరుగుతాయి.
లోపల, ఆకుపచ్చ బల్ల మీద,
బొటనవేలితో అంచు ఎత్తి చూశాను:
ఇస్పేటు రాజు. దాని వెనక ఆఠీను రాజు.

అంతే, మళ్లీ చూడలేదు.
రెండోసారి చూసేవాళ్ల ముక్కల్ని
బల్లంతా చదివేస్తుంది.

ఎనిమిది మందిమి మిగిలాం. డబ్బు ఏడుగురికే.
మూలన యెర్కో, సాయంత్రం నుంచీ నోరు విప్పని కుర్రాడు,
ఐదు వేలకి దిగిపోయి
ఆ ఒక్క బిళ్లనే వేళ్ల సందుల్లో దొర్లిస్తున్నాడు.
వాడు పోతే మిగిలినవాళ్లందరికీ ముద్ద.
ఇంకో రెండు చుట్లు ఊపిరి బిగబట్టి కూచుంటే చాలు,
ఆగస్టు గాలి ఎత్తుకుపోయిన కప్పు రేకులు
మళ్లీ ఇంటి మీదికి వచ్చినట్టే.

సరిగ్గా అప్పుడు డాన్ జ్లాట్కో,
ఉన్ని గోదాముల ఆసామి,
పళ్ల సందులోంచి ఈల వేస్తూ
తొమ్మిది వేలు ముందుకు నెట్టాడు.
అతని ముందు గోడలా నూట నలభై వేలు.
నావి అరవై రెండు, అందులో నాలుగు
ముక్కలు రాకముందే బల్ల మింగింది.
మధ్యలో వాళ్లంతా ఒక్కొక్కరే తప్పుకున్నారు.

చెత్త ముక్కలొస్తే బతుకెంత తేలిక!
విసిరేసి కాఫీ తాగుతాం.
మంచి ముక్కలే మనిషిని బోనులో నిలబెడతాయి,
ఇంత ఇచ్చాను కదా, ఏం చేశావని.

ఊరికే కలిసి ఊరుకోనా?
ఇరవై ఆరేళ్లు పీతల బుట్టలు అల్లినదాన్ని,
ఎర వేసి ఎరగనట్టుండటం నాకు కొత్తా?
కానీ బుట్టని ఒక రాత్రి ఎక్కువ నాననిస్తే
ఎరని మరేదో తినిపోతుంది.
మూడు ముక్కలు తెరుచుకుంటాయి,
వాటిల్లో ఒక ఆసు తల ఎత్తుతుంది,
నా రాజులిద్దరూ కిరీటాలు చంకలో పెట్టుకుని
పక్కకి జరిగి నిలబడతారు.

ఇరవై రెండు వేలకి పెంచనా?
అడిగినట్టూ ఉంటుంది, బెదిరించినట్టూ ఉంటుంది.
ఒక కాలు పడవలో, ఒక కాలు రేవులో పెట్టినవాళ్లు
ఈ నీళ్ల దగ్గర ఎవరూ ముసలివాళ్లవలేదు.

పారేయనా?
ఆ మాట లోపల వినపడినందుకే సిగ్గేసింది.
కానీ వినపడింది,
యెర్కో బిళ్ల దొర్లే చప్పుడు వెనక,
లేచిపోయిన రేకుల గొంతుతో.

"నేలిదా," అంది ముక్కలు పంచే అమ్మాయి, "మీ వంతు."

జ్లాట్కో ఈల ఆపేశాడు.
ముక్కలున్నవాడు ఆపుతాడా, లేనివాడు ఆపుతాడా?
మా రొసాముందో బతికున్నన్నాళ్లూ చెప్పేవాడు,
మొహం కాదే పిచ్చిదానా, మెడ చూడు అని.
మెడ చూశాను.
మఫ్లరుంది.

"మొత్తం" అన్నాను.
మాట బయటపడ్డాక తెలిసింది అది నా నిర్ణయమని.
యాభై ఎనిమిది వేలూ రెండు చేతులతో తోశాను,
నిండు బుట్టని పడవ అంచు మీంచి తోసినట్టు.

అతను ఆలోచించాడు. చాలాసేపు.
ఆ కాసేపూ అతన్ని రమ్మన్నాను, రావద్దన్నాను,
ఒకే ఊపిరిలో.

"ఆడపీతని నీళ్లలో వదిలేయాలి, చట్టం" అని నవ్వి
ముక్కలు పారేశాడు.

పదకొండు వేలు.
ఇద్దరు రాజులకి దక్కిన కప్పం అంతే.
చూపించాలని వేళ్లు దురద పెట్టాయి.
బోర్లానే జరిపాను.
పంచే అమ్మాయి వాళ్లని కుప్పలో కలిపేసింది,
ఏ కళావరు ఏడు పక్కనో, ఏ డైమను రెండు కిందో,
ఎవరూ చూడని ఇద్దరు.

సరైన ఆటేనా? తెలీదు.
ఊరుకుని ఉంటే అతని గోడలో సగం నాదయ్యేదేమో.
యెర్కో కంటే ముందే నేను కోటు తొడుక్కుని
ఆ గాల్లోకి నడిచేదాన్నేమో.

కిటికీ అద్దం ఒక్కసారి దడదడలాడింది.
కొత్త ముక్కలు జారుతూ వచ్చాయి.
అంచు ఎత్తాను:
మూడు, తొమ్మిది. రంగు కూడా కలవలేదు.

ఒళ్లు ఎంత తేలికైపోయిందో.
కాఫీ తెమ్మన్నాను.